లూఆవ్ అంటే చేమాకు

లూఆవ్‌కి, అంటే ఆటపాటలతో పెట్టే హవాయి విందుకి, వెళ్దామా వద్దా అని మా ఇంట్లో పది రోజులు చర్చ నడిచింది. హవాయి టికెట్లు, కాండో, కారు అన్నీ ఒక్క సాయంత్రంలో తేల్చేసిన మా ఆయన దీని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు, ఎందుకంటే మనిషికి 150 డాలర్ల పైనే, మేం నలుగురం పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలు, పైగా ఆ భోజనంలో అసలు సంగతి పంది మాంసం. మా అమ్మ నీసు మానేసి పదేళ్ళయింది. నాన్న కోడి, చేప తింటారు గానీ పంది జోలికి పోరు. "మీరు నలుగురూ వెళ్ళి రండి, మేం రూములో పెరుగన్నం తిని పడుకుంటాం" అని అమ్మ తేల్చేసింది. నేనే పట్టుబట్టాను. వాళ్ళ ఆరు నెలల వీసాలో అప్పటికే రెండు నెలలు అయిపోయాయి, మా పిల్లలు అమ్మమ్మ తాతయ్యలతో కలిసి ఇంత దూరం వెళ్ళే రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఫోన్ చేసి అడిగితే శాకాహారం ఉంటుంది, ముందే రాయించుకోండి అన్నారు. రాయించాను, ధైర్యంగానే ఉన్నాను.

మేం వెళ్ళింది కవాయి దీవికి. శాన్‌హోసే నుంచి విమానంలో ఐదున్నర గంటలు. లిహూయె ఎయిర్‌పోర్టులో దిగి కారు తీసుకునే చోటే కోళ్ళు తిరుగుతున్నాయి, ఆ దీవి నిండా అవే, రోడ్ల మీద, బీచ్‌లో, హోటళ్ళ గుమ్మాల ముందు. నాన్నది అమలాపురం దగ్గర పల్లెటూరు, సంక్రాంతి వస్తే పుంజుని చూసి రంగు చెప్పే మనిషి. కారు ఎక్కేలోపే "అదుగో డేగ, ఇది కాకి, ఆ గోడ మీదది నెమలి" అని మా బాబుకి చూపించడం మొదలుపెట్టారు. ఆ క్షణం నుంచి వాడు తాతయ్యని వదల్లేదు.

లూఆవ్ మూడో రోజు సాయంత్రం. దాని గురించి చెప్పేముందు ఆ రోజు పొద్దున జరిగింది చెప్పాలి, అది లేకపోతే సాయంత్రం మాకు సగమే అర్థమయ్యేది. ఉత్తరాన హనలే లోయ ఉంది, పైన రోడ్డు పక్కన ఆగి చూస్తే లోయంతా కింద పరుచుకుని కనిపిస్తుంది. చుట్టూ కొండలు, మధ్యలో నది, నదికి అటూ ఇటూ గట్లు వేసిన మళ్ళు, మళ్ళలో నీళ్ళు. నాన్న రెయిలింగ్ పట్టుకుని "ఇక్కడా వరేనా?" అన్నారు. నేనూ వరే అనుకున్నాను. అమ్మ ఒక నిమిషం చూసి "వరి కాదండీ, ఆ ఆకు చూడండి ఎంత వెడల్పుందో, చేమ" అంది.

కిందకి దిగి, ఒకే బండి పట్టే పాత ఇనుప వంతెన దాటాక, మడి పక్కనే ఆగాం. నిజంగా చేమే. మన పెరట్లో బావి పక్కన, కాలువ గట్టున ఎవరూ నాటకుండా మొలిచే ఆ చేమనే ఇక్కడ వరిలా దమ్ము చేసి, మడి కట్టి, నీళ్ళు పెట్టి పండిస్తున్నారు. చేమని వాళ్ళు కలో అంటారు, ఆ మడిని లోయి. నీళ్ళు నిలవ ఉండి వేడెక్కితే దుంప కుళ్ళిపోతుందట, అందుకని నది నుంచి కాలువ తీసి, మడి నుంచి మడికి పారించి, మళ్ళీ నదిలోకే వదులుతారు. నాన్న ఆ నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, తూము ఎక్కడుంది అని గట్టు మీద నిలబడి చాలాసేపు చూశారు. హవాయి భాషలో నీటిని వై అంటారు, సంపదని వైవై అంటారు అని అక్కడి బోర్డు చదివి చెప్పాను. "గోదావరి కాలువ కింద పుట్టినవాడికి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదమ్మా" అన్నారు. బాబు ఆకు మీద నీళ్ళు పోసి, అవి ముత్యాల్లా దొర్లి కింద పడుతుంటే మళ్ళీ మళ్ళీ పోశాడు.

సాయంత్రం ఐదింటికి రమ్మన్నారు. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: ఇంకా ముందే వెళ్ళండి, సీట్లు డబ్బుని బట్టే అయినా ఒక్కో వరసలో ముందు వచ్చినవాళ్ళకే మంచి చోటు దొరుకుతుంది. గేటు దగ్గర అలోహా అని ఒక్కొక్కరి మెడలో ఊదారంగు ఆర్కిడ్ పూల దండ వేశారు. ఆ దండని లేయ్ అంటారు. వేసినవాళ్ళ ఎదుట దాన్ని తీసెయ్యడం మర్యాద కాదు, మా బాబు మెడ దురద అని తీయబోతే అమ్మాయి ఆపింది, స్కూల్లో చదివిందట. అంతలో అమ్మ ఆగి "మల్లెపూల వాసన వస్తోందే" అంది. నాకేం రాలేదు. మా ముందు వరసలో ఒక పెద్దావిడ మెడలో సన్నటి తెల్లటి దండ ఉంది, దగ్గరికెళితే మల్లెమొగ్గలే, మన మల్లెలే. అక్కడ దాన్ని పికాకె అంటారు. కైయులాని అని ఒక రాకుమారి ఉండేది, ఆవిడకి ఈ పూలూ నెమళ్ళూ రెండూ ప్రాణం, అందుకని నెమలికి ఇంగ్లీషులో ఉన్న పేరే వాళ్ళ నోట్లో పికాకె అయి పూలకి వచ్చింది. ఆ పెద్దావిడ అమ్మ ముఖం చూసి దండని చేతిలోకి తీసుకుని వాసన చూడనిచ్చింది. రెండు నెలలుగా అమెరికాలో అమ్మ మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

తర్వాత అందరినీ ఇము దగ్గరికి పిలిచారు. ఇము అంటే నేలలో తవ్విన పొయ్యి. పొద్దున్నే గోతిలో కియావె కట్టెలు పేర్చి మంట పెడతారు, కియావె మన సర్కారు తుమ్మకి దాయాది చెట్టు, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ఆ మంటలో అగ్నిపర్వతపు నల్లరాళ్ళు ఎర్రగా కాలాక, వాటి మీద చితక్కొట్టిన అరటి బోదెలు పరుస్తారు, ఆవిరంతా ఆ బోదెల్లోని నీళ్ళదే. దాని మీద ఉప్పు పట్టించిన పంది, దాని మీద టీ అనే మొక్క ఆకులు (మనం తాగే టీ కాదు, పొడుగాటి ఆకుల వేరే మొక్క), తడిపిన గోనెపట్టాలు, పైన మట్టి. అలా ఆరేడు గంటలు ఉంచుతారు. నడుముకి గుడ్డ కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు పారలతో మట్టి తీసి గోనె లాగేసరికి తెల్లటి ఆవిరి ఒక్కసారిగా మా అందరి మీదకి వచ్చింది. మాంసం వాసన కన్నా ముందు ఉడికిన అరటి బోదె వాసన, తడిమట్టి వాసన వచ్చాయి. పంది అంటే ఆమడ దూరం జరిగే నాన్న అందరి కన్నా ముందు నిలబడి ఆ గొయ్యి లోతు చూస్తున్నారు. "అరటి బోదెని ఇలా వాడొచ్చని మనకి తట్టలేదు చూడు, మనం గట్టున పడేస్తాం" అన్నారు మా ఆయనతో.

భోజనానికి ముందు యాంకర్ లూఆవ్ అనే మాటకి అర్థం చెప్పాడు. అసలు లూఆవ్ అంటే విందు కాదట, చేమాకు. లేత చేమాకుని కొబ్బరిపాలలో కోడితోనో ఆక్టోపస్‌తోనో ఉడికించే కూర ప్రతి విందులోనూ ఉండేది కాబట్టి, ఆ కూర పేరే 19వ శతాబ్దంలో విందుకి నిలిచిపోయింది. నేను తెలుగులో చెప్పగానే అమ్మ "ఇంత దూరం తీసుకొచ్చి నాకు చేమకూర పెడుతున్నారా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత చెప్పిన విషయం మాత్రం నవ్వేది కాదు. పాతకాలంలో హవాయిలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి తినకూడదు. వంట విడిగా, తినే చోటు విడిగా. ఆడవాళ్ళు పంది మాంసం, అరటిపండు, కొబ్బరి, కొన్ని రకాల చేపలు ముట్టకూడదు, ముడితే శిక్ష ప్రాణం దాకా పోయేది. ఈ కట్టుబాట్లని కపు అనేవారు. 1819లో, రాజు లిహోలిహో, అంటే రెండో కమేహమేహ, అందరి ఎదుటా వెళ్ళి ఆడవాళ్ళ పంక్తిలో కూర్చుని తిన్నాడు. అతని తల్లి కెయోపూవోలాని, చనిపోయిన పెద్దరాజు భార్య కఅహుమాను దీని వెనక ఉన్నారు. ఆ ఒక్క భోజనంతో కపు కూలిపోయింది. ఈ రోజు లూఆవ్‌లో అందరూ కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఆ రోజు నుంచి వచ్చిందే.

ఇది అమ్మకి మెల్లగా చెప్పాను. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ నాయనమ్మ చచ్చిపోయేదాకా మగవాళ్ళ పంక్తి లేచాకే తినేది, గిన్నెలో అడుగున ఏది మిగిలితే అది" అంది. నాన్న ఆ మాట విన్నారు. ఆవిడ ఆయన తల్లి. ఏమీ మాట్లాడలేదు గానీ, మా బల్లని బఫేకి పిలిచినప్పుడు ముందు అమ్మ చేతికి ప్లేటు ఇచ్చి, ఆవిడ వెనక నిలబడ్డారు. ఇంట్లో అలా చేయగా నేనెప్పుడూ చూడలేదు.

బఫే దగ్గర మాత్రం కష్టమే అయింది. ముందే రాయించిన శాకాహారం భోజనం గురించి అక్కడున్నవాళ్ళకి తెలియదు. సేమ్యాలా కనిపించినదాంట్లో కోడి, సలాడ్‌లో రొయ్యలు, చేమాకు కూరలోనూ కోడి. అమ్మకి మిగిలింది తెల్లన్నం, ఊదారంగు చిలగడదుంప, అనాసపండు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకంటే రూములో ఉంటానన్న మనిషిని నేనే లాక్కొచ్చాను. పిల్లలు, మా ఆయన గోతిలోంచి తీసిన పంది మాంసం తిన్నారు, పీచులు పీచులుగా, ఉప్పగా, పొగవాసనతో చాలా బాగుందన్నారు. ఉప్పు పట్టించిన సాల్మన్ చేపని టమాటా ఉల్లిపాయలతో కలిపింది నాన్నకి నచ్చింది. నేను లేచి వంట వైపు వెళ్ళి, కనిపించిన మొదటి మనిషిని పట్టుకుని మా అమ్మకి ఏదైనా పెట్టండి అని అడిగాను.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. అక్కడందరూ ఆవిడని ఆంటీ అనే పిలుస్తున్నారు, హవాయిలో మనలాగే పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అంటారు, చుట్టరికం అక్కర్లేదు. ఆవిడ లోపలికి వెళ్ళి చిన్న గిన్నెతో తనే మా బల్ల దగ్గరికి వచ్చింది. కోడి కలపక ముందు తన కోసం తీసి పెట్టుకున్న చేమాకు, ఉడికి ముదురాకుపచ్చగా, కొబ్బరిపాలలో.

అమ్మ చెంచా పట్టుకుని ఆగింది. తెలుగులోనే ఆవిడని చూసి "మెత్తగా ఉడికిందా?" అని, రెండు వేళ్ళతో గొంతు మీద గోకి చూపించింది. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆవిడ పకపకా నవ్వి, తన గొంతు మీద అలాగే గోకి చూపించి, వేలు ఒకటి పైకెత్తింది. గంటసేపు ఉడికించాను అని. చేమాకు దురద రెండు దేశాల్లోనూ ఒకటే. ఆ తర్వాత ఇద్దరూ నన్ను మధ్యలో పెట్టుకుని పావుగంట మాట్లాడుకున్నారు. కాడ తీసేసి, వెనక లావు ఈనె గీసేసి, ఒకసారి ఉడికిన నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికిస్తానని ఆవిడ చెప్పింది. మేం చింతపండు వేస్తాం, పులుపు పడితే దురద పోతుంది అని అమ్మ చెప్పింది. చింతపండు చేమాకులోనా అని ఆవిడ ఆశ్చర్యపోయి, రేపే చేసి చూస్తానంది.

పోయ్ కూడా ఆవిడే తినిపించింది. చిన్న కాగితపు కప్పుల్లో ప్రతి బల్ల మీదా ఉంటుంది, చుట్టుపక్కల బల్లల మీద చాలామంది ఒక చెంచా నోట్లో పెట్టుకుని పక్కకి తోసేశారు, అది చూస్తే నాకు బాధేసింది. ఉడికించిన చేమదుంపని చెక్కపలక మీద రాతి పోటుతో దంచి, నీళ్ళు కలిపి చేసే ముద్ద అది, బూడిద కలిసిన ఊదా రంగు. పేరు వినగానే అమ్మ "పొయ్యా?" అంది. చిక్కదనాన్ని బట్టి ఒక వేలి పోయ్, రెండు వేళ్ళ పోయ్, మూడు వేళ్ళ పోయ్ అంటారు, అంటే నోటికి చేరాలంటే ఎన్ని వేళ్ళు కావాలో అన్ని. మాది రెండు వేళ్ళది. ఆంటీ చెంచా తీసి పక్కన పెట్టి, చూపుడు వేలూ మధ్య వేలూ ముంచి తిప్పి చూపించింది. అమ్మ అలాగే తిప్పి నోట్లో పెట్టుకుని "చద్దన్నం" అంది. నిజమే, చప్పగా, చివర్లో సన్నటి పులుపు. చేసిన రోజు తియ్యగా ఉంటుందట, రెండో రోజూ మూడో రోజూ పులుస్తుంది, అక్కడి పెద్దవాళ్ళకి పులిసిందే ఇష్టం. పసిపిల్లలకి మొదట పెట్టేదీ ఇదే, మన ఉగ్గులాగా. దీన్ని విడిగా తినకండి, ఉప్పగా ఉన్నదాంతో కలిపి తినండి అని, ఆవిడ జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి అమ్మ ప్లేటులో ఎర్రటి ఉప్పు చిటికెడు వేసింది. ఆ దీవిలోనే హనపేపె అనే చోట కొన్ని కుటుంబాలు తరతరాలుగా మళ్ళు కట్టి పండించే ఉప్పు, ఎర్రమట్టి కలవడం వల్ల ఆ రంగు. దాన్ని అమ్మరు. ఇస్తారు, అంతే. లేచి వెళ్ళేటప్పుడు ఆ కవరంతా అమ్మ చేతిలో పెట్టేసింది.

వెళ్ళే ముందు పిల్లలకి ఒక కథ చెప్పింది. ఆకాశం లాంటి తండ్రికి మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. వాణ్ణి ఇంటి పక్కనే పాతిపెడితే అక్కడ చేమ మొలిచింది. తర్వాత పుట్టిన బిడ్డకీ అదే పేరు పెట్టారు, హాలోవా అని, హవాయి మనుషులంతా వాడి సంతతి. అంటే చేమ వాళ్ళకి అన్నయ్య. అందుకే పోయ్ గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఆ ఇంట్లో ఎవరూ గొడవ పడకూడదు, గట్టిగా అరవకూడదు, అన్నయ్య వింటుంటాడు. మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని వింది.

డాన్స్ గురించి ఎక్కువ రాయను, అది ఎలాగూ వీడియోల్లో దొరుకుతుంది. ఒక్కటి మాత్రం. మొదట వచ్చిన హులాకి గిటార్లూ యుకలేలేలూ లేవు, ఒక పెద్దాయన సొరకాయ బుర్రని నేలకి కొడుతూ గొంతెత్తి పాడుతుంటే ఆడవాళ్ళు నేల అదిరేలా అడుగులు వేశారు. ఇది పాత పద్ధతి, కహికో. మా అమ్మాయి నాలుగేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది, చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళ్ళాలి అని వాళ్ళ టీచర్ రోజూ చెప్పే మాట. నా చెయ్యి పట్టుకుని "అమ్మా, వీళ్ళ కళ్ళు చూడు, చేతుల వెంటే వెళ్తున్నాయి" అంది. 1830లో ఇదే డాన్స్‌ని బహిరంగంగా ఆడకూడదని ఆపేశారు, ఆపించింది ఆ కఅహుమానునే, అప్పటికి ఆవిడ క్రైస్తవం పుచ్చుకుంది. 1883లో కలాకౌవ రాజు తన పట్టాభిషేకంలో మళ్ళీ బాహాటంగా ఆడించాడు. మధ్యలో అన్నేళ్ళు ఇళ్ళల్లో చాటుగా దాచుకుని నేర్పుకున్నవాళ్ళ వల్లే ఇది మా అమ్మాయి కళ్ళ ముందుకి వచ్చింది.

చివర్లో నిప్పుల కత్తి తిప్పే కుర్రాడు వచ్చాడు. అది హవాయిది కాదు, సమోవా దీవులది, యాంకర్ ఆ సంగతి స్పష్టంగా చెప్పడం నాకు నచ్చింది. రెండు చివరలా మండుతున్న కర్రని వీపు వెనక నుంచి, కాళ్ళ కింద నుంచి తిప్పుతుంటే సన్నటి జల్లు మొదలైంది. ఎవరూ లేవలేదు. నాన్న బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన తువ్వాలు వాడి తల మీద కప్పి, అమలాపురం దసరాల్లో చెడీ తాలింఖానా ఎలా ఉంటుందో, కళ్ళకి గంతలు కట్టుకుని మనిషి మీద పెట్టిన కొబ్బరికాయని కత్తితో ఎలా కొడతారో చెవిలో చెబుతున్నారు.

మర్నాడు రైతుబజారులో అమ్మ రెండు పౌండ్ల చేమదుంపలు కొనిపించింది. మన దుంపల్లా చిన్నవి కావు, ఒక్కోటి కొబ్బరికాయంత. కాండోలో పెద్ద గిన్నె పెట్టి, వెంట తెచ్చుకున్న చింతపండుతో పులుసు చేసింది, మన దుంప అరగంటలో ఉడికితే ఇది గంటన్నర తీసుకుంది. ఉప్పు ఆ ఎర్రటిదే. గిన్నె బల్ల మీద పెట్టి మూత తీశాక నాన్న ఒక ముద్ద కలుపుకుని "ఉప్పు చాల్లేదే" అన్నారు. "అది పొదుపుగా వాడాలండీ, కొందామన్నా దొరకదు" అని అమ్మ. "పొదుపైతే మామూలు ఉప్పు వెయ్యొచ్చుగా" అని ఆయన గొంతు పెంచారు, అమ్మ కూడా ఏదో అనబోయింది.

మా అమ్మాయి ప్లేటు మీంచి తలెత్తి "తాతయ్యా, మూత తీసుంది, అన్నయ్య వింటున్నాడు" అంది. నాన్న ఆ గిన్నె వైపు చూసి, ఇంకో గరిటె పులుసు వేయించుకున్నారు.